ఆ ప్లేట్ల పెట్టెను తూకానికి వేయొద్దు

పోయిన ఎండాకాలం మా పల్లెకు పాతసామాన్లు కొనే మనిషి మోటారు సైకిలు మీద వచ్చాడు. ఇత్తడి బిందెలున్నాయా, పాత రేడియోలున్నాయా అని ఇల్లిల్లూ అడుగుతా మా పెద్దనాన్న ఇంటి ముందు ఆగాడు. "పాటల ప్లేట్లున్నాయంట గదా తాతా, పెట్టె మొత్తానికి మూడు వేలిస్తా" అన్నాడు. పెద్దనాన్న మనవడికి ఫీజు కట్టాల్సిన రోజులు. వాడు అప్పటికే పెట్టెను మంచం కింద నుంచి గుమ్మం దాకా లాగేశాడు. పెద్దనాన్న లేచి వచ్చి పెట్టె మీద కూర్చున్నాడు. "ఇవి పాటలు కావురా. నా జీతం" అన్నాడు. ఇంకేమీ మాట్లాడలేదు. ఆ మనిషి కాసేపు నిలబడి వెళ్లిపోయాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. అందుకే ఇది రాస్తున్నా.

పెద్దనాన్న 1971లో, పదహారేళ్ల వయసులో మా తాలూకా ఊళ్లో ఒక మైకుసెట్టు దుకాణంలో పనికి కుదిరాడు. హారన్లు నెత్తిన మోసింది ఆయనే. కొబ్బరిచెట్టెక్కి వాటిని కట్టింది ఆయనే. రాత్రంతా మేలుకొని ప్లేట్లు మార్చింది ఆయనే. పెళ్లిళ్లకు, తిరునాళ్లకు, నాటకాలకు, ఎలక్షన్లకు పదహారేళ్లు తిరిగాడు. 1987లో దుకాణం యజమాని క్యాసెట్లలోకి మారాడు. అప్పటికి ఎనిమిది నెలల జీతం బాకీ. డబ్బు బదులు రెండు ట్రంకుపెట్టెల ప్లేట్లు, ఒక పాత ప్లేయరు ఇచ్చి పొమ్మన్నాడు. 1990 మే తుఫానులో ఇంట్లోకి నీళ్లొస్తే ఒక పెట్టెను దూలం మీదికి ఎత్తగలిగాడు. రెండోది బురదలో మునిగింది. మిగిలినవి నూట ఎనభై చిల్లర. ఆ మనిషి మూడు వేలకు బేరమాడింది వీటినే. ప్లేటుకు పదిహేడు రూపాయలు కూడా పడదు. టీ, బజ్జీ ఖర్చు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. పెద్దిళ్ల పెళ్లిళ్లలో ఆయన్ను పందిట్లోకి రానిచ్చేవాళ్లు కాదు. గొడ్లసావిడి పక్కన మిషను పెట్టుకోమనేవాళ్లు. అన్నం దూరంగా ఆకులో వేసేవాళ్లు. కానీ ఆయన చేత్తో పెట్టిన పాట మాత్రం వంటింట్లోకి పోయింది, దేవుడి గదిలోకి పోయింది, పెళ్లిపీటల దాకా పోయింది. మనిషిని ముట్టుకోని ఊరు, ఆ మనిషి ముట్టుకున్న పాటను చెవిలోకి తెచ్చుకుంది. ఈ విడ్డూరానికి సాక్ష్యం ఏ రికార్డాఫీసులో ఉంది? ఎక్కడా లేదు. ఉంటే ఆ ట్రంకుపెట్టెలో ఉంది.

రెండు ప్రశ్నలు

ఈ సంగతి మా సంఘం మీటింగులో పెడితే కుర్రాళ్లు రెండు ప్రశ్నలు వేశారు. రెండూ న్యాయమైనవే.

మొదటిది: "అన్నా, పాటలన్నీ ఫోన్లో దొరుకుతుంటే ఈ విరిగిపోయే ప్లేట్లు ఎందుకు?" అన్నీ దొరకవు తమ్ముడూ. కంపెనీకి లాభమున్నవి దొరుకుతాయి, ఎవరో ఒకరు దాచి ఎక్కించినవి దొరుకుతాయి. తిరునాళ్ల పాటలు, క్రైస్తవ కీర్తనలు, నాటక పద్యాలు, చిన్న కంపెనీలు కొద్ది కాపీలు తీసి వదిలేసినవి ఎన్నో దొరకవు. 1955లో బీబీసీ రేడియో వాళ్లు బాబాసాహెబ్ అంబేద్కర్‌తో మాట్లాడించిన సంభాషణ మనం ఇవాళ వింటున్నాం. ఆ గొంతు వింటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఎందుకు వినగలుగుతున్నాం? ఎవరో దాన్ని పారేయలేదు కాబట్టి.

రెండోది: "భూమి లేదు, ఉద్యోగాల్లేవు, ఊళ్లో కొట్లాటలు. ఈ సమయంలో ప్లేట్లు తుడుచుకుంటూ కూర్చోమంటావా?" కూర్చోమనటం లేదు. పోరాటం మానేసి ఈ పని చేయమనటం లేదు. కానీ ఆలోచించండి. భూమి పట్టా కాగితాన్ని ఎందుకు భద్రంగా దాచుకుంటాం? రేపు ఎవడన్నా "ఇది నీది కాదు" అంటే చూపించటానికి. "మీకు పాటలేదు, కళలేదు, చరిత్ర లేదు" అనేవాళ్లకు చూపించే కాగితం మనదగ్గర ఏముంది? మన తాతలకు రాత నేర్పలేదు. రాయని జాతికి గొంతే దస్తావేజు. దాన్ని తూకానికి వేస్తే మిగిలేదేంటి?

ఎవరి గొంతు ప్లేటెక్కింది?

మన దేశంలో మొదటి ప్లేట్లు 1902 నవంబరులో కలకత్తాలో తీశారు. లండను కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బెర్గ్ అనే ఆయన వచ్చి గొంతులు పట్టుకుపోయాడు. అప్పట్లో పేరు మోసిన గాయని గౌహర్ జాన్. ఆమె మెహఫిళ్లలో పాడే స్త్రీ. పరువు గల ఇళ్లవాళ్లు ఆ గొట్టం ముందు పాడటానికి జంకుతుంటే, ఆ పరువు గలవాళ్లు చిన్నచూపు చూసిన ఆడవాళ్లే ముందుకొచ్చి పాడారు. ఆ రోజు పాడిన పాటలను జర్మనీకి పంపి ప్లేట్లు అచ్చేయించారు. 1908లో కలకత్తాలోనే ఫ్యాక్టరీ పెట్టారు.

ఆ పాత నల్ల ప్లేటు దేంతో చేసిందో తెలుసా? లక్కతో. లక్కలో రాతిపొడి, మసి కలిపి అచ్చుపోసేవాళ్లు. ఆ లక్కను చెట్ల కొమ్మల మీద నుంచి గీకి తెచ్చినవాళ్లు ఇవాళ జార్ఖండ్ అంటున్న ఛోటానాగపూర్ ఆదివాసీలు. ప్రపంచానికంతటికీ లక్క ఎక్కువగా పోయింది మన దేశం నుంచే. అంటే ప్లేటు మీద పాట ఎవరిదైనా, ప్లేటు ఒళ్లు మాత్రం ఆదివాసీ కష్టం. లేబులు మీద ఆ పేరు ఎక్కడా ఉండదు.

అట్లాగే ఆ ప్లేటులో పట్టేది మూడు, మూడున్నర నిమిషాలు. ఆ కొలతలో ఇమిడినవాళ్లే లోపలికి వచ్చారు. రాత్రి మొదలై తెల్లారే చిందు భాగోతం మూడు నిమిషాల్లో ఎట్లా ఇముడుతుంది? సావుకాడ ఏడ్చే పాట, నాట్లేసేటప్పుడు పాడే పాట, డప్పు మీద వేసే పది రకాల దెబ్బలు ఏ కంపెనీకి కావాలి? కంపెనీకి సరుకు కావాలి. కొనే శక్తి ఎవరికుంటే వాళ్ల చెవికి ఇంపైందే సరుకు. నిజామాబాద్ జిల్లా చిందు ఎల్లమ్మ లాంటి మహా కళాకారిణి ఒళ్లంతా భాగోతమై బతికి 2005లో కన్నుమూసింది. ఆమె లాంటివాళ్లు ఇంకా ఎందరు ఒక్క నిమిషం కూడా ఎక్కడా పట్టుబడకుండా మట్టిలో కలిశారో ఎవరు లెక్కేశారు?

అయినా మనవాళ్లు ప్లేటులోకి దొంగదారిన వచ్చారు. సత్యహరిశ్చంద్ర నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసింది. కానీ కాటిసీను రాగానే జనం ఎదురుచూసేది గుర్రం జాషువా శ్మశానవాటి పద్యాల కోసం. నాటక సమాజాలు వాటిని ఆ సీనులో కలుపుకొని ఊరూరా పాడాయి. బందరు డి.వి.సుబ్బారావు లాంటి నటులు కాటిసీనుతో పేరు తెచ్చుకున్నారు. జాషువాను పంక్తిలో నుంచి లేపినవాళ్లే ఆయన పద్యానికి వన్స్‌మోర్ కొట్టారు. పెద్దనాన్న దగ్గర ఒక కాటిసీను ప్లేటుంది. దాని లేబులు మీద పాడినాయన పేరుంది, కంపెనీ పేరుంది, నంబరుంది. జాషువా పేరు లేదు. ఆ పేరు మనం రాయకపోతే ఎవరు రాస్తారు?

అరిగిన చోటే చరిత్ర

మా పెట్టెలో 1977 నాటి దానవీరశూర కర్ణ సినిమా మాటల ఎల్పీ ఉంది. దాన్ని వెలుతురుకు పెట్టి చూస్తే ఒళ్లంతా నల్లగా మెరుస్తుంది గానీ ఒక్కచోట వేలెడు వెడల్పున బూడిదరంగు పట్టీ కనపడుతుంది. సూది పదే పదే నడిచి గాడి అరిగిపోయిన చోటది. అక్కడ ఏముందో పెట్టి విన్నాం. కర్ణుడి కులమడిగిన సభలో దుర్యోధనుడు తిరగబడే మాటలు. "పల్లెలోకి మిషను తెస్తే అదొక్కటే అడిగేవాళ్లురా, రాత్రికి పదిసార్లు పెట్టించేవాళ్లు" అన్నాడు పెద్దనాన్న.

అదే సినిమా కొత్త కాపీ ఇవాళ ఎవరైనా కొనొచ్చు, ఫోన్లో వినొచ్చు. కానీ ఆ అరిగిన గాడి ఇంకెక్కడా లేదు. ఆ రోజుల్లో మన పల్లె ఏ మాట విని గుండె నింపుకుందో చెప్పే అచ్చు అది ఒక్కటే. పాట కంపెనీది కావచ్చు, ఆ అరుగుదల మాత్రం మనది. అందుకే "శుభ్రమైన కాపీ ఉంటే చాలు, పాతది పారేయండి" అనే సలహా మన విషయంలో చెల్లదు.

ఎట్లా కాపాడాలి

మాటలు చాలు, పని చెప్పుకుందాం. పెద్దనాన్న ప్రాణం పెట్టి దాచాడు గానీ కొన్ని తప్పులు ఆయనా చేశాడు. దాచకుండా చెప్తా, మీరు చేయకుండా ఉంటారు.

మొదటి తప్పు, ప్లేట్లను ఒకదాని మీద ఒకటి అప్పడాల్లాగా పేర్చాడు. అడుగువి బరువుకు పగిలాయి, కొన్ని వంగిపోయాయి. ప్లేటును ఎప్పుడూ బడి పుస్తకాల్లాగా నిలబెట్టి పెట్టాలి. పక్కకు వాలకూడదు, మరీ ఇరికించకూడదు. నేల మీద కాదు, జానెడు ఎత్తున చెక్క మీద. తడి పట్టే గోడకు ఆనించొద్దు. రేకుల ఇంట్లో అటక మీద అసలే పెట్టొద్దు, ఎండాకాలం ఆ వేడికి ఎల్పీ అప్పడంలా వంకరపోతుంది. మనకు డప్పు అలవాటు. డప్పును సెగ చూపిస్తేనే మోగుతుంది. డప్పుకు సెగ ప్రాణం, ప్లేటుకు సెగ చావు. ఇది మరవొద్దు.

రెండో తప్పు, కిరసనాయిలు గుడ్డతో తుడిచేవాడు. మెరుస్తుందని కొబ్బరినూనె రాసేవాళ్లూ ఉన్నారు. రెండూ వద్దు. పట్టుకునేటప్పుడు అంచు, లేబులు తప్ప గాళ్ల మీద వేలు పడకూడదు. మన చేతి జిడ్డుకే దుమ్ము, బూజు అంటుకుంటాయి. ముందు మెత్తటి బ్రష్షుతో గాళ్ల వెంట గుండ్రంగా దుమ్ము తీయాలి. అడ్డంగా రుద్దితే దుమ్మురేణువే గీత పెడుతుంది. ఇంకా మురికుంటే, ఎల్పీ అయితే బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో గిన్నెలు తోమే మెత్తటి సబ్బునీళ్లు ఒక్క చుక్క వేసి, మెత్తటి నూలుగుడ్డ తడిపి పిండి తుడవాలి. తర్వాత ఒట్టి డిస్టిల్డ్ నీళ్లతో తుడిచి నీడన ఆరబెట్టాలి. లేబులు తడవకూడదు. బోరునీళ్లు వాడొద్దు, ఆ ఉప్పు గాళ్లలో పేరుకుంటుంది.

నల్ల లక్క ప్లేటుకు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగేదానికి, ఇంకో జాగ్రత్త. దానికి స్పిరిట్ తగలనివ్వొద్దు. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. ఒక్కసారి తుడిస్తే గాడితో పాటు పాటా పోతుంది. దీన్ని నీళ్లలో నాననివ్వకూడదు కూడా. తడిగుడ్డతో గబగబా తుడిచి వెంటనే పొడిగుడ్డతో అద్దాలి. ఇది కిందపడితే గాజులాగా పగులుతుంది. పగిలినా ముక్కలు పారేయకుండా ఒక కవర్లో వేసి నంబరు రాసి పెట్టండి. లేబులన్నా మిగులుతుంది. నేర్పున్నవాళ్లు ముక్కలు జతచేసి పాట తీయగలిగిన సందర్భాలున్నాయి.

మూడోది సూది. లక్క ప్లేటు గాడి వెడల్పు, ఎల్పీ గాడి సన్నం. 78 సూది మొన ఎల్పీ సూది మొనకు మూడింతలు లావుంటుంది. దాన్ని ఎల్పీ మీద పెడితే గాడిని దున్నేస్తుంది. పాత ప్లేయర్లు చాలావాటిలో సూదిని అటు తిప్పితే 78కి, ఇటు తిప్పితే ఎల్పీకి వచ్చే ఏర్పాటుంది. చూసి తిప్పండి. తాళం తిప్పే పాత గ్రామఫోనులో ఎల్పీని ఎప్పుడూ పెట్టొద్దు. ఆ గ్రామఫోను ఇనుప సూది ఒక వైపు పాటకే. రెండో వైపుకు కొత్త సూది వేయాలి. పైసలకు చూసుకొని పాత సూదే వాడితే ప్లేటు అరుగుతుంది.

కవర్ల సంగతి. చిరిగిన అట్ట కవర్లు పారేయొద్దు, వాటి మీద కూడా రాతలుంటాయి. ప్లేటును మాత్రం మంచి కాగితం కవర్లో గానీ, మెత్తటి పాలిథీన్ కవర్లో గానీ పెట్టి, అట్టను పక్కన ఉంచండి. గట్టిగా మెరిసే పీవీసీ కవర్లు ఏళ్ల తరబడి ఆనితే ఎల్పీ మీద మసకపొర వస్తుంది. వానాకాలం నెలకోసారి తెరిచి చూడండి. బూజు కనపడితే ఆ ప్లేటును మిగతావాటికి దూరంగా పెట్టి శుభ్రం చేయండి. అట్టల్ని ఆరబెట్టాలంటే నీడపట్టున ఆరబెట్టండి, ప్లేటు మీద ఎండ పడనివ్వొద్దు.

క్యాసెట్ల పని ముందు

ప్లేట్ల కంటే తొందర పని ఒకటుంది. 1985 కారంచేడు తర్వాత, 1991 చుండూరు తర్వాత సభల్లో, దీక్షా శిబిరాల్లో పాడిన పాటలు ఎందరో చిన్న టేపురికార్డర్లలో పట్టుకున్నారు. అవి ఏ కంపెనీవీ కావు. ఒక్కొక్కటీ ఒకే కాపీ. ప్లేటు కదిలించకుండా ఉంటే వందేళ్లయినా పలుకుతుంది. క్యాసెట్టు అట్లా కాదు. టేపు మీద పూత రాలుతుంది, బూజు పడుతుంది, అతుక్కుపోతుంది. కాబట్టి ముందు క్యాసెట్లు వెతకండి. దొరగ్గానే చేయాల్సిన పని, పైఅంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ రేకులు విరగ్గొట్టడం. అప్పుడు పొరపాటున కూడా దాని మీద వేరేది రికార్డు కాదు. మనింట్లో క్యాసెట్లు పెట్టేది స్పీకరు డబ్బా మీదే. అందులో అయస్కాంతం ఉంటుంది, పాటను తినేస్తుంది. ముందు అక్కడి నుంచి తీయండి. బూజు పట్టిన టేపును మిషన్లో పెట్టొద్దు, తెలిసినవాళ్లకు చూపించండి.

కాపీ, పుస్తకం, తాళం

కాపీ తీసేటప్పుడు స్పీకరు ముందు ఫోను పట్టుకోవద్దు. కుక్క అరుపు కూడా పడుతుంది. ప్లేయరు నుంచి వైరుతో కంప్యూటరుకు కలిపి తీయాలి. ఎంపీత్రీ కాదు, వేవ్ ఫైలు తీయండి, 24 బిట్, 96 కిలోహెర్ట్జ్. ఇరవై నిమిషాల ఎల్పీ వైపుకు దాదాపు 700 ఎంబీ పడుతుంది. అరిగిన చప్పుడుతో సహా మొదటి కాపీ అట్లాగే ఉంచండి. చప్పుడు తీసేసే సోకులేమన్నా చేస్తే రెండో కాపీ మీద చేయండి. మూడు చోట్ల మూడు కాపీలు పెట్టండి. అందులో ఒకటి వేరే ఊళ్లో ఉండాలి. తుఫాను, నిప్పు మన పల్లె మీదికి ఎట్లా వస్తాయో మనకు చెప్పాలా?

కాపీ కంటే ముఖ్యం పుస్తకం. ఒక లాంగు నోటుబుక్కు కొనండి. ప్రతి ప్లేటుకు ఒక పేజీ. కంపెనీ, లేబులు నంబరు, పాట అయిపోయిన చోట లేబులు పక్కన గీకి ఉండే నంబరు, పాడినవాళ్లు, రాసినవాళ్లు. తర్వాత ఏ కంపెనీ రాయని సంగతులు: ఎవరి పెళ్లిలో పెట్టారు, ఎవరు అడిగి పెట్టించుకున్నారు, ఎక్కడ అరిగింది. లేబులు మీద జాషువా పేరు లేని చోట మన పుస్తకంలో జాషువా పేరు ఉండాలి. లేబులు మీద మాత్రం ఏమీ రాయొద్దు, అంటించొద్దు. వాళ్లు చేసిన లోపం కూడా సాక్ష్యమే, అది అట్లాగే ఉండాలి. ఈ పుస్తకం పని రేపటికి వాయిదా వేయటానికి లేదు. పెద్దనాన్నకు డెబ్బై దాటాయి. ప్లేటు ఆగుతుంది గానీ ఆయన ఆగడు.

చట్టం మాట కూడా వినండి. ప్లేటు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఆ రికార్డింగు మీద కంపెనీకి హక్కు ఉంటుంది. పాట రాసిన కవి హక్కు ఆయన పోయిన తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. జాషువా 1971లో పోయారు. కాబట్టి కాపీలు తీసి అమ్మే పని పెట్టుకోవద్దు.

ఇక ఎవరు దాచాలి? పట్నంలో దాచే చోట్లు లేకపోలేదు. అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ వాళ్లు 1982లో పెట్టిన సంగీత ఆర్కైవు గురుగ్రామ్‌లో ఉంది. అట్లాంటి చోటికి కాపీలివ్వండి, తప్పులేదు. ఇంట్లో దాచే దారే లేకపోతే అసలుదే ఇవ్వండి, చెదలకు ఇచ్చేకంటే మేలు. కానీ ఎవరికిచ్చినా కాగితం మీద రాయించుకోండి: ఎన్ని ఇచ్చారు, ఏ పల్లెవి, మనం అడిగితే కాపీ ఇస్తారా లేదా. మన దగ్గర తీసుకుపోయి మనకే చూపించని పెద్దమనుషుల్ని చాలామందిని చూశాం.

మా పల్లెలో ఏం చేశామో చెప్పి ముగిస్తా. కుర్రాడి ఫీజు సంఘం తరఫున చందా వేసి కట్టాం. అప్పుగా కాదు. పెద్దనాన్న జీతం బాకీలో మొదటి వాయిదా అనుకున్నాం. అంబేద్కర్ భవనంలో ఒక బీరువా ఖాళీ చేసి ప్లేట్లు నిలబెట్టాం. తాళంచెవులు రెండు, ఒకటి సంఘం దగ్గర, రెండోది పెద్దనాన్న మొలతాడుకు. పుస్తకం రాస్తోంది ఆ రోజు పెట్టెను గుమ్మం దాకా లాగిన మనవడే. ఇప్పటికి నలభై ఒక్క ప్లేట్లు అయినాయి. పెద్దనాన్నకు చెవి సరిగా వినపడదు. కాపీ తీసేటప్పుడు వచ్చి ప్లేయరు పెట్టె మీద అరచెయ్యి ఆనించి కూర్చుంటాడు. పాట ఏదో చెప్పేస్తాడు.

మీ పల్లెలో కూడా ఒక మైకుసెట్టు మనిషి ఉండే ఉంటాడు. ఆయన మంచం కింద ఒక పెట్టె ఉండే ఉంటుంది. మోటారు సైకిలు వాడికంటే ముందు మీరు వెళ్లండి.